రెడీమేడ్ జవాబుల బటన్లు: ఒక టీపీఓ రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తాను, అంత ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఉద్యోగ పరిచయాల సైట్లలో మెసేజ్ కింద వచ్చే రెడీమేడ్ జవాబుల బటన్లకు ఐదుకి మూడు. ‘ఫలానావారిని అభినందించండి’ అని పొద్దున్నే పోరే నోటిఫికేషన్లకు ఒకటిన్నర. మెసేజ్ మొత్తం తనే రాసిచ్చే ఏఐ డ్రాఫ్టుకు, అదీ ఉద్యోగం వెతుక్కునే పిల్లలు వాడితే, అర. ఆ అర కూడా స్పెల్లింగ్ తప్పులు ఉండవు కాబట్టి.

నేను కోస్తాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని. అందరూ టీపీఓ మేడమ్ అంటారు, అసలు పేరు ఐడీ కార్డు మీద తప్ప ఎక్కడా వినపడదు. నా పని సగం ఫోన్లో, సగం ఈ సైట్లలో జరుగుతుంది. కంపెనీల హెచ్‌ఆర్‌లు, పాత విద్యార్థులు, రెఫరల్ (కంపెనీలో పనిచేసేవాళ్ల సిఫారసు) ఇప్పించమనే ఫైనల్ ఇయర్ పిల్లలు, పూల్ డ్రైవ్ (చాలా కాలేజీల పిల్లలకు కలిపి ఒకేచోట జరిపే ఉద్యోగాల ఎంపిక) పెడతాం హాలు ఇస్తారా అని అడిగే ఏజెన్సీలవాళ్లు, అందరూ అక్కడే ఉంటారు. అందుకని ఈ బటన్లు నాకు కాలక్షేపం కాదు, రోజూ చేతికి తగిలేవి. ఒకటికి మించి సైట్లలో నాకు ఖాతాలున్నాయి. నాకు ఎదురైనవి ఏ సైట్లో ఎదురయ్యాయో మాత్రం రాయను. రాస్తే గొడవంతా ఆ కంపెనీ మీదకు మళ్లుతుంది. నేను రివ్యూ చేస్తున్నది బటన్లను.

మంచి ముందు చెప్పాలి కదా. డ్రైవ్‌కి ముందురోజు సాయంత్రం నా పరిస్థితి చూడాలి. ల్యాబ్‌లో యూపీఎస్ కూతపెడుతూ ఉంటుంది, సిస్టమ్ అడ్మిన్ ‘నెట్ స్పీడ్ బానే ఉంది మేడమ్’ అంటూనే ఎందుకో తల గోక్కుంటాడు, బ్యాక్‌లాగ్ ఉన్న కుర్రాడు ఒకడు ‘రీవాల్యుయేషన్‌లో వచ్చేస్తుంది మేడమ్, ఒక్కసారి కూర్చోనివ్వండి’ అని వెనకే తిరుగుతుంటాడు. అప్పుడే హెచ్‌ఆర్ మెసేజ్: రేపు తొమ్మిదిన్నరకు మొదలుపెట్టొచ్చా? కింద బటన్ ఉంటుంది: ‘యెస్, దట్ వర్క్స్’. నొక్కితే అయిపోయింది. జేడీ (ఉద్యోగ వివరాల కాగితం) పంపామంటే ‘థ్యాంక్స్’. తేదీ మార్చామంటే ‘నో ప్రాబ్లమ్’ (ప్రాబ్లమ్ ఉన్నా సరే). అవును, కాదు, అందింది. ఈ మూడు రకాల జవాబులకు ఈ బటన్లు నిజంగా పనికొస్తాయి. టైప్ చేయడం కష్టమనిపించే మా ప్రిన్సిపాల్ గారైతే వీటికి ఐదుకి ఐదు ఇస్తారు. ఆయన ఇచ్చే జవాబులు మామూలుగానే రెండు మాటలు దాటవు.

ఈ సరుకు ఎలా తయారైందో తెలిస్తే దాని గుణం అర్థమవుతుంది. 2015 నవంబరులో గూగుల్ తన ‘ఇన్‌బాక్స్’ అనే మెయిల్ యాప్‌లో స్మార్ట్ రిప్లై తెచ్చింది. తయారీలో ఉన్న రోజుల్లో అది ఏ మెయిల్ వచ్చినా ‘ఐ లవ్ యూ’ అని జవాబు సూచించేదని ఆ కంపెనీవాళ్లే రాసుకున్నారు. మేనేజర్ రిపోర్టు ఏమైందని అడిగితే కింద ‘ఐ లవ్ యూ’ అని బటన్ వచ్చినట్టు ఊహించుకోండి. దానికి కారణం ప్రేమ కాదు, లెక్క. మనుషులు రాసుకునే మెయిళ్లలో ఆ మాట, ‘థ్యాంక్స్’, ‘సౌండ్స్ గుడ్’ లాంటివి ఎక్కువసార్లు దొర్లుతాయి. ఏం చెప్పాలో తోచనప్పుడు యంత్రం ఎక్కువగా దొర్లినవాటి వైపే ఒరుగుతుంది. విడుదలకు ముందే దాన్ని సరిచేశారు. 2017 అక్టోబరులో ఉద్యోగ పరిచయాల సైట్ లింక్డ్‌ఇన్ కూడా తన మెసేజ్‌లలో ఇలాంటి బటన్లు పెట్టింది. అప్పట్లో వాళ్ల పద్ధతి, జవాబును కొత్తగా కూర్చడం కాదు. జనం అంతకుముందు ఇచ్చిన జవాబులను గుంపులుగా చేసి, వచ్చిన మెసేజ్‌కి ఏ గుంపు సరిపోతుందో లెక్కగట్టి, అందులోంచి ఒకటి తీసి చూపించడం.

అంటే ఆ బటన్ మీద కనిపించేది నా జవాబు కాదు, ఇలాంటి మెసేజ్‌కి పదిమందీ ఇచ్చే జవాబు. ‘తొమ్మిదిన్నరకు ఓకేనా’ అన్నదానికి పదిమంది జవాబూ నా జవాబూ ఒకటే, పేచీ లేదు. ఉద్యోగం, జీతం, అవసరం దగ్గరకొచ్చేసరికి ఆ రెంటికీ పొంతన ఉండదు.

ఇక అభినందనల సంగతి. దీని మీద కాస్త ఎక్కువే రాయాలి.

మా పాత విద్యార్థి ఒకడున్నాడు, ఈసీఈ బ్యాచ్, పుణెలో టెస్టింగ్ ఉద్యోగం. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. మామూలుగా మెసేజ్ పెట్టేవాడు, ఫోన్ చేశాడంటే ఏదో ఉందనుకున్నాను.

‘పొద్దున్నుంచి ఒకటే కంగ్రాట్స్ మేడమ్.’

‘దేనికి నాన్నా?’

‘కంపెనీలో మూడేళ్లు నిండాయంట మేడమ్. సైట్ అందరికీ చెప్పింది. నన్ను పోయిన నెలే తీసేశారు కదా.’

‘మరి ప్రొఫైల్లో మార్చలేదా?’

‘మారిస్తే మా బాబాయ్ చూస్తాడు మేడమ్. ఇంట్లో ఇంకా చెప్పలేదు.’

‘మరి వాళ్లందరికీ ఏం చెప్తున్నావు?’

‘కింద థ్యాంక్స్ అని వస్తుంది కదా. అదే నొక్కుతున్నా.’

చెప్పేటప్పుడు నవ్వాడు కూడా. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

సైట్‌కి తెలిసింది ప్రొఫైల్లో ఉన్న చేరిన తేదీ ఒక్కటే. ఆ తేదీకి మూడేళ్లు కలిపింది, అతని పరిచయస్తులకు నోటిఫికేషన్ కొట్టింది, కింద ‘కంగ్రాట్స్ ఆన్ యువర్ వర్క్ యానివర్సరీ’ అని వాక్యం కూడా తనే తయారుగా పెట్టింది. వాళ్లు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కారు. అటు వీడు థ్యాంక్స్ అని ఇంకో నొక్కు నొక్కాడు. రెండు వైపులా ఒక్క మాట కూడా ఎవరూ రాయలేదు. అయినా సైట్ లెక్కలో ఆ రోజు బోలెడు సంభాషణలు జరిగాయి.

అసలు బాధ ఇది కాదు. అభినందించినవాళ్లలో వాడికి రెండేళ్లు సీనియర్ ఒకడున్నాడు, బెంగళూరులో అదే టెస్టింగ్ పనిలో టీమ్ లీడ్. నాకు గుర్తొచ్చి ఫోన్ చేసి, ఇలా ఫలానా అబ్బాయి ఖాళీగా ఉన్నాడు, మీ దగ్గర ఏమైనా ఉందా అని అడిగాను. ‘అయ్యో మేడమ్, పొద్దున్నే వాడికి విష్ చేశాను, థ్యాంక్స్ అన్నాడు, ఏమీ చెప్పలేదే!’ అన్నాడు. రెజ్యూమె పంపమన్నాడు, తర్వాత ఇంటర్వ్యూకి పిలిపించాడు. అది వేరే కథ. నేను చెప్పేదల్లా, ఉద్యోగం కావాల్సినవాడూ ఇప్పించగలిగినవాడూ ఆ పొద్దున ఒకే చాట్ కిటికీలో ఎదురెదురుగా ఉన్నారు. సీనియర్‌కి ‘ఎలా ఉన్నావురా’ అని టైప్ చేసే పని లేకుండా సైట్ చేసింది. ఉద్యోగం పోయిన మావాడికి ‘బాలేదన్నా’ అని చెప్పే సందు లేకుండా చేసింది. పరిచయాల కోసమే పుట్టిన సైట్ పరిచయం ఉన్న ఇద్దరికి ఇచ్చిన సాయం ఇది.

నా ఫిర్యాదంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ బటన్లన్నీ మాటను ముగించేవే. ‘థ్యాంక్స్’, ‘ఓకే’, ‘గ్రేట్’, ‘కంగ్రాట్స్’, బొటనవేలు బొమ్మ. వీటి తర్వాత అవతలివాళ్లు ఏం రాయగలరు? ‘ఇప్పుడు ఏం పని చేస్తున్నావు’, ‘మేనేజర్ ఎలాంటివాడు’, ‘ఇల్లు ఎక్కడ తీసుకున్నావు’ అని అడిగే బటన్ నాకు ఇంతవరకు కనపడలేదు. ప్రశ్న అడిగితే అవతలివాడు జవాబు టైప్ చేయాలి, టైప్ చేయడం కష్టమనే కదా అసలు బటన్లు పెట్టింది.

పైగా ఇది పెళ్లిలో చదివింపుల వ్యవహారంలా తయారైంది. ఆయన మనకు రాశాడు కాబట్టి మనమూ రాయాలి. ఒక కన్సల్టెన్సీ ఆయన నా ప్రతి వర్క్ యానివర్సరీకీ తప్పకుండా అభినందిస్తాడు. ఇంతవరకు ఒక్క కంపెనీని తీసుకురాలేదు, ఫోన్ చేస్తే ఎత్తడు. కానీ తేదీ వచ్చిందంటే కంగ్రాట్స్ వచ్చినట్టే. నేనూ థ్యాంక్స్ నొక్కుతాను. మా ఇద్దరి మధ్య సంబంధం ఇంత చక్కగా నడవడానికి కారణం మేమిద్దరం కాదు.

చనిపోయినవాళ్ల సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తాను, ఎందుకంటే దీనికి చేయగలిగింది ఉంది. మా దగ్గర రిటైరైన ప్రొఫెసర్ గారు ఒకరు పోయారు. మరుసటి ఏడు ఆయన పుట్టినరోజుకి సైట్ నాకు కేకు బొమ్మ చూపించి శుభాకాంక్షలు చెప్పమంది. కిందికి జరిపితే అప్పటికే ఆయనకు ‘హ్యాపీ బర్త్‌డే సర్’ చెప్పినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, కబురు తెలియకపోవచ్చు. లింక్డ్‌ఇన్ లాంటి సైట్లలో ఖాతాదారు చనిపోయారని తెలియజేయడానికి ఒక ఫారం ఉంటుంది. ఆ కుటుంబం తరఫున అధికారం ఉన్నవాళ్లు ఖాతాను మూసేయమనో, స్మారక ఖాతాగా మార్చమనో అడగొచ్చు. బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, గ్యాస్ కనెక్షన్ గుర్తుపెట్టుకుని మార్పిస్తాం కదా, ఆ జాబితాలో ఇదీ వేసుకోండి.

మన పేరుతో సైట్ మాట్లాడటం అనేది కొత్త జబ్బేమీ కాదు. 2013లో అమెరికాలో కొందరు వాడకందారులు లింక్డ్‌ఇన్ మీద కోర్టుకెక్కారు. పరిచయస్తులను కలుపుకోండి అన్నచోట సరేనంటే, ఆ ఆహ్వానం వెళ్లడంతో ఆగకుండా, అవతలివాళ్లు పలకకపోతే మళ్లీ మళ్లీ గుర్తుచేస్తూ వీళ్ల పేరు మీదే మెయిళ్లు వెళ్లాయన్నది కేసు. కాలిఫోర్నియాలో న్యాయమూర్తి లూసీ కో 2014లో చెప్పినది నాకు బాగా నచ్చింది. మొదటి మెయిల్‌కి వీళ్లు ఒప్పుకున్నట్టే, తర్వాత వెళ్లిన రిమైండర్లకు ఒప్పుకున్నట్టు కాదు అన్నారు. 2015లో ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 1.3 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఇప్పటి బటన్లలో కనీసం నొక్కేది మనమే, ఆ మేరకు మెరుగు. ‘ఈ మెసేజ్‌కి మీరు ఇంకా జవాబివ్వలేదు’ అని మనల్ని పొడిచే రిమైండర్లు ఇప్పుడు మన ఇన్‌బాక్స్‌లోనే కూర్చున్నాయి. అవి నాకు అప్పుడప్పుడు మేలే చేశాయి. నేను కావాలని జవాబివ్వకుండా వదిలేసిన ఏజెన్సీవాళ్లను కూడా గుర్తుచేస్తాయనేదొక్కటే చికాకు.

ఇప్పుడు అర మార్కు దగ్గరకు వద్దాం.

ఆహ్వానం పంపేటప్పుడు ఏళ్ల తరబడి అందరూ పంపిన వాక్యం ఒకటుంది: ‘ఐ వుడ్ లైక్ టు యాడ్ యూ టు మై ప్రొఫెషనల్ నెట్‌వర్క్’. సైట్ తనే పెట్టిచ్చిన వాక్యం. మా సీనియర్ బ్యాచ్‌లు దాన్ని మార్చకుండా పంపేవాళ్లు, నేను కోప్పడేదాన్ని. ఇప్పుడు ఆ వాక్యం కనిపిస్తే ముద్దొస్తోంది. కనీసం చిన్నదిగా ఉండేది, పంపినవాళ్లు రాసింది కాదన్న సంగతి దాచేది కాదు. ఇప్పటి ఏఐ డ్రాఫ్టు అలా కాదు. అవతలివారి ప్రొఫైల్ చూస్తుంది, మనది చూస్తుంది, రెంటినీ కలిపి నాలుగు పేరాలు వండుతుంది. డబ్బు కట్టే ఖాతాల్లోనే ఎక్కువగా ఇస్తున్నారు. మా పిల్లలు మాత్రం ఒక నెల ఉచిత ట్రయల్ తీసుకుని, సరిగ్గా ప్లేస్‌మెంట్ సీజన్‌లో వాడతారు. ఆ తెలివికి మార్కులు వేయాల్సిందే. ట్రయల్ ముగిసేలోపు రద్దు చేయడం మర్చిపోయి, వాళ్ల నాన్నగారి కార్డులోంచి డబ్బు కట్ అయ్యాక నా గదికొచ్చి నిలబడతారు. దానికి నేనేం చేయను?

మొన్నటి సీజన్‌లో హైదరాబాద్ నుంచి ఒక హెచ్‌ఆర్, చాలాకాలంగా తెలిసినాయన, నాకు స్క్రీన్‌షాట్లు పంపారు. మా కాలేజీ పిల్లలు ఆయనకు పెట్టిన మెసేజ్‌లు. వరసగా తిరగేశాను. అన్నిటిదీ ఒకటే మొదలు: ‘ఐ హోప్ దిస్ మెసేజ్ ఫైండ్స్ యూ వెల్’. రెండో వాక్యం ఆయన ‘ఇంప్రెసివ్ జర్నీ’ గురించి. మూడోది, వీళ్లకు ఆ కంపెనీ ‘ఇన్నోవేటివ్ కల్చర్’ అంటే ఉన్న ‘ప్యాషన్’ గురించి. సీఎస్‌ఈ అమ్మాయీ అదే రాసింది, సివిల్ అబ్బాయీ అదే రాశాడు. ఆ కంపెనీ సివిల్ వాళ్లను తీసుకోదు. కింద హెచ్‌ఆర్ గారి మెసేజ్: ‘మేడమ్, మీ కాలేజీలో ఉన్నది ఒకడే స్టూడెంటా?’

వాటి మధ్యలో ఒకటి వేరుగా ఉంది. ఇంగ్లీషు సరిగా లేదు, రెండు చోట్ల స్పెల్లింగ్ తప్పు, ఒకచోట ‘సర్’ మూడుసార్లు వచ్చింది. దాని సారాంశం ఇది: సర్, పోయినేడు మీరు మా కాలేజీకి వచ్చినప్పుడు సెమినార్ హాల్లో చివర మైకు పట్టుకున్నది నేనే. కార్లలో సెన్సర్ల డేటా లాగ్ చేసే ప్రాజెక్టు గురించి చెబితే, పవర్ పోయినప్పుడు డేటా ఏమవుతుందని అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆ భాగం చేశాను. వీడియో నిమిషమే ఉంది, పంపమంటారా?

హెచ్‌ఆర్ గారు పంపమన్నది ఈ ఒక్కడినే. ఆయన ఆ ప్రశ్న అడిగినట్టు ఆయనకే గుర్తులేదట. ‘నేను అడిగింది గుర్తుపెట్టుకున్నాడంటే చూడాలి కదా మేడమ్’ అన్నారు.

ఆ అబ్బాయి ప్రొఫైల్లో సెమినార్ హాలు లేదు, మైకు లేదు, పవర్ పోతే ఏమవుతుందన్న ప్రశ్నా లేదు. ఏ డ్రాఫ్టు యంత్రానికైనా దొరికేది ప్రొఫైల్లో ఉన్నదే కాబట్టి, ఎంత మంచి యంత్రమైనా ఆ మెసేజ్ రాయలేదు. మనకు పనికొచ్చే ఆ ఒక్క ముక్క మనమే ఇస్తే రాస్తుంది. ఆ ముక్క చెప్పగలిగినవాడికి యంత్రంతో పని ఏముంది, గ్రామర్ సరిచేయడానికి తప్ప? గ్రామర్ వరకు వాడుకోండి, నేనే చెబుతాను. ఇంకో లెక్క కూడా ఉంది. ఉచిత ఖాతాలో నోటుతో పంపే ఆహ్వానాలు నెలకు కొన్నే ఇస్తారు, నోటు పొడవు కూడా తక్కువ. ఆ కాస్త జాగాలో సగం ‘ఐ హోప్’కే పోతే ఇక చెప్పేదెక్కడ?

ఇది నా ఒక్కదాని చాదస్తమేమో అనుకున్నాను. 2025లో లింక్డ్‌ఇన్ సీఈఓ హోదాలో ర్యాన్ రోస్లాన్‌స్కీ, తమ సైట్లో పోస్టులు రాసిపెట్టే ఏఐ సాయాన్ని జనం తాము అనుకున్నంతగా వాడటం లేదని ఒప్పుకున్నారు. ఆయన చెప్పిన కారణం సబబుగానే ఉంది. అది జనానికి ఆన్‌లైన్ రెజ్యూమె లాంటిది, అక్కడ ఏఐతో రాయించారని ఎవరైనా ఎత్తిచూపితే పరువు నష్టం ఎక్కువ. అమ్మేవాళ్లే అలా అంటుంటే కొనేవాళ్లం మనకెందుకు తొందర? (లింక్డ్‌ఇన్‌ను 2016లో 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ కొనుగోలు పూర్తయినప్పటి నుంచీ ఇది ఒకరకంగా మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ విద్యార్థి సత్య నాదెళ్ల గారి గొడుగు కిందిదే. మా ల్యాబ్ గోడ మీద ఆయన ఫొటో ఉంది, దాని కిందే కూర్చుని పిల్లలు ఈ డ్రాఫ్టులు పంపుతారు.)

తెలుగు మాటకొస్తే, 2024లో లింక్డ్‌ఇన్ మెనూలు తెలుగులోకి కూడా వచ్చాయి. మా పిల్లల్లో మార్చుకున్నవాళ్లు నాకైతే కనపడలేదు. హెచ్‌ఆర్‌లు రాసేది ఇంగ్లీషులో, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో, మెనూ ఒక్కటి తెలుగులో ఉంటే ఏం లాభం అంటారు. అది సరే. నాకు తెలుగు మెసేజ్‌లు మాత్రం వస్తుంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడిపే పెద్దాయన ఒకరున్నారు. వాళ్లబ్బాయి ఆయనకు ఖాతా తెరిచిపెట్టాడు. ఆయన ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తారు: ‘అమ్మా, మనకి ఇద్దరు పిల్లలు కావాలి, డ్రాయింగ్ చదవడం వస్తే చాలు, రూము నేనే చూపిస్తా.’ దాని కింద ఒక్క బటన్ కూడా రాదు. పదిమంది ఏం జవాబిస్తారో యంత్రానికి తెలియదు మరి. నేను ‘అలాగే బాబాయ్ గారు, మెకానికల్ వాళ్లను సోమవారం పంపిస్తాను, జీతం ఎంతనుకుంటున్నారు?’ అని వేళ్లతో కొట్టాలి. కొడతాను. ఆయన వెంటనే జీతం చెబుతారు, నేను ఇంకో వెయ్యి పెంచమంటాను, ఆయన ‘పని చూసి పెంచుతాలే అమ్మా’ అంటారు. సీజన్‌లో నేను చేసే చాటింగ్‌లో బేరం నడిచేది ఈ ఒక్కచోటే. ఆయన దగ్గర చేరిన పిల్లలు అక్కడే నిలబడ్డారు కూడా.

వీటిని ఆపుకోవాలంటే, లింక్డ్‌ఇన్ వాడేవాళ్లకు దారి ఇది. సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీలోకి వెళ్తే మెసేజింగ్‌కి సంబంధించిన భాగం ఉంటుంది. అక్కడ ‘మెసేజింగ్ సజెషన్స్’ అనేది జవాబుల బటన్లు, ‘మెసేజ్ నడ్జెస్’ అనేది పొడుపు రిమైండర్లు. రెండూ విడివిడిగా ఆపుకోవచ్చు. అదే డేటా ప్రైవసీలో జనరేటివ్ ఏఐ మెరుగుదలకు మీ డేటా వాడుకోవచ్చా అని ఇంకో స్విచ్ ఉంటుంది. 2024 సెప్టెంబరులో అది జనం కళ్లపడింది. అడగకుండానే ఆన్‌లో పెట్టారని అప్పట్లో గొడవైంది. అటు వెళ్లినప్పుడు దాన్నీ చూసుకోండి. పుట్టినరోజులు, వర్క్ యానివర్సరీల గోల నోటిఫికేషన్ల సెట్టింగ్స్‌లో ఉంటుంది. మీ యానివర్సరీ సంగతి పదిమందికీ చాటకూడదనుకుంటే, అది మీ ప్రొఫైల్ మార్పులను పరిచయస్తులతో పంచుకునే సెట్టింగ్ దగ్గర వెతకాలి. లేఆఫ్ అయి ఇంట్లో చెప్పనివాళ్లు ముందు ఈ పంచుకునే సెట్టింగ్ ఆపండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

నేనేం ఉంచుకున్నానంటారా? జవాబుల బటన్లు ఉంచుకున్నాను, డ్రైవ్ సీజన్‌లో అవి లేకపోతే కష్టం. అభినందనల నోటిఫికేషన్లు తీసేశాను. ఆ కన్సల్టెన్సీ ఆయనకు ఈసారి నా నుంచి రాకపోతే ఏమనుకుంటాడో చూడాలి. ఏఐ డ్రాఫ్టు మా ల్యాబ్‌లో వాడొద్దని చెప్పలేదు. చెబితే హాస్టల్‌కి వెళ్లి వాడతారు. రెఫరల్ కోసం మెసేజ్ పెట్టే ముందు నాకు చూపించమన్నాను, అంతే. చూపించడానికి వచ్చినవాళ్లను నేను అడిగేది ఒకటే: ఈయన నీకెలా తెలుసు? జవాబుంటే దాన్నే మొదటి వాక్యంగా పెట్టిస్తాను. లేకపోతే వేరే పేరు వెతకమంటాను.

ఇంకొక్క మాట, యాప్ అప్‌డేట్ అయ్యాక సెట్టింగ్స్ మళ్లీ ఒకసారి తెరిచి చూడండి. నేను వాడే సైట్లలో ఒకదానిలో, ఆపిన నోటిఫికేషన్ మళ్లీ ఆన్ అయి కనిపించింది.